వీరాయమ్మ అతుకు

వీరాయమ్మని ఒకావిడ ఉండేదమ్మా, నూలు మిల్లు ఎనకాల. నాకు సొంత అత్త. ఆవిడ చెయ్యి ఎట్టాంటిదనుకున్నారు? తెగిన పోగులు రెండు తీసుకుని, వేలికి కాస్త బూడిద అద్దుకుని నలిపిందంటే ఆ అతుకు దేవుడు ఎతికినా దొరకదు. మిల్లులో నూలు వడికే మరల కింద తెగి, చిక్కుపడి పడిపోయిన నూలుందే, దాన్ని చెత్త కింద మా పేట ఆడాళ్ళకి చవగ్గా ఇచ్చేవాళ్ళు. మేం చిక్కు తీసి, అతికి, మొలతాళ్ళు పేని అమ్మేవాళ్ళం. ముప్పై గడపల కూడు అదే అనుకో.

ఏమైందంటే, ఒకనాడు ఎక్సైజు ఆఫీసరొచ్చాడు. సారా పట్టుకునేవాళ్ళు కాదు, నవ్వమాకండి, మిల్లులో తయారైన సరుకు మీద పన్నేసేవాళ్ళు. మాకమ్మే చిక్కు చూసి, ఇది నూలేగా, పన్నేదీ అన్నాడంట. మిల్లు కామందేమో, చెత్తండీ బాబూ, చెత్తకి పన్నేంటి అన్నాడంట. నూలని ఈయన, చెత్తని ఆయన, నూలని ఈయన, చెత్తని ఆయన. ఆఖరికి, దీంతో పనిచేసేవాళ్ళనే అడుగుదాం పదండని మా పేటకొచ్చారు. చెత్తని చెప్పండే, మీ కూడు నిలబడుద్ది అని గుమస్తా ముందే చెప్పిపోయాడు. అందరం అట్టాగే చెప్పాం. మా అత్త కూడా, చెత్తే బాబూ అంది. అక్కడితో ఊరుకుంటే పోయేది. ఆఫీసరు గుప్పెడు చిక్కు ఎత్తి చూసి, అయితే ఇందులోంచి మూరెడు దారం కూడా తియ్యలేరన్నమాట అన్నాడు. ఎవరు తియ్యలేరు? మా అత్త ఆయన చేతిలోంచి లాక్కుంది. చిక్కు తీసింది, అతికింది, అతికింది, బారెడు పోగు ఆయన చేతిలో పెట్టి, లాగండి, అతుకెక్కడుందో చూపించండి అంది. ఆయన లాగాడు, తెగలా. ఎతికాడు, దొరకలా. పేటంతా చప్పట్లు. ఆయన కూడా బాగా మెచ్చుకుని, కాయితం తీసి, నూలు అని రాసుకున్నాడు.

ఇంకేముంది, పన్ను కట్టి అమ్మేకంటే తగలేస్తే పోద్దని కామందు ఆ చిక్కంతా బాయిలర్లో పోయించాడు. గోడవతల పొగ లేస్తుంటే అందరం నిలబడి చూశాం. ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాట అన్లా. అన్నా బాగుండేది. ఆ తర్వాత చిరిగిన జాకెట్టు కూడా కుట్టుకోలేదు మా అత్త. ఆరేళ్ళ తర్వాత పై కోర్టులో ఎక్కడో, ఆ చిక్కు చెత్తేనని తేల్చారంట. అప్పటికి ఆవిడా లేదు, తాళ్ళు పేనేవాళ్ళు తలో దిక్కూ పోయారు.

పనిమంతురాలికి తన పని తక్కువ చేసి చెప్పడం చేతకాదమ్మా. తప్పంతా తనదేననుకుంటా పోయింది పిచ్చిది. ఆనాడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేను. నాదీ తప్పే అత్తా అని ఒక్కసారన్నా అనలేకపోయా.