పిల్లికూనకి ఫినాయిలు

పశువుల డాక్టరమ్మ గది. బల్ల మీద చిల్లులు పొడిచిన అట్టపెట్టె. పెట్టెకి అటు డాక్టరమ్మ, ఇటు ఒళ్ళో సంచీ పెట్టుకున్న పెద్దమ్మ, ఆవిడ కుర్చీ వెనక ఎనిమిదేళ్ళ పిల్ల.

"...ముందు పచ్చగా, తర్వాత నురగలు నురగలుగా, ఇవాళ పొద్దున ఉత్త నీళ్ళు. ఛీ! ఆ నీళ్ళలో తెల్లటి దారాలు. దారాలే అనుకుని చీపురుపుల్లతో కదిపాను డాక్టరుగారూ. కదిలాయి!"

"ఏలికపాములు."

"పామనే మాట ఎత్తకండి తల్లీ!"

"ఒంట్లో కాస్త ఓపికొచ్చాక మందేస్తే పడిపోతాయి. వాంతులున్నాయా?"

"కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు. దీనికి మూడు రోజుల్లో ఐదుసార్లు కక్కే వచ్చింది. ఐదుసార్లూ నా పక్క మీదే! ఇంట్లో ఇంత నేలుందా, వంటింటి గడపుందా, గుమ్మం ముందు గోనెపట్టా ఉందా... ఊహూ, పాక్కుంటూ వచ్చి నా తలగడే ఎక్కాలి. పగబట్టినట్టు."

"ఏం పెడుతున్నారు?"

"పాలు. పిల్లికి పాలు కాక పళ్ళరసం పోస్తామా?"

"ఆ పాల వల్లే విరేచనాలు. మనం తాగే పాలు ఇంత కూనలకి అరగవు."

"భలేవారే! కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి అని పుట్టినప్పట్నుంచీ వింటున్నాం."

"కళ్ళు మూసుకునే తాగుతుంది. ఆ తర్వాత మన కళ్ళు తెరిపిస్తుంది. పెట్టెలోంచి బయటికి తీయండి, చూస్తాను."

"నేనా? ముట్టుకోను. పెట్టె కూడా చేతికి కాగితం చుట్టుకుని పట్టుకొచ్చాను."

"సరే, నేనే తీస్తాను. రా నాన్నా... అబ్బ, ఎముకలే ఉన్నాయి. చెవిలో ఈ నల్లటి పొడి చూశారా?"

"చూడను. చెప్పకండి."

"చెవిపురుగులు."

"చెప్పద్దన్నానా! చూడండి డాక్టరుగారూ, నాకు వైద్యాలూ అవీ వద్దు. మీ దగ్గర పిల్లుల్ని తీసుకుని ఎవరికో ఒకరికి పెంపకానికిస్తారట కదా. ఆ కాగితమేదో ఇవ్వండి, సంతకం పడేసి పోతాను. నాకు మధ్యాహ్నం డ్యూటీ ఉంది."

"ఇస్తాను. కానీ ఎవరిదమ్మా ఈ కూన? పాపదా?"

"మా చెల్లెలిది. ఈ పిల్ల వాళ్ళమ్మది. బేకరీలో పనిచేసేది. అక్కడ పిండిబస్తాల వెనక పుట్టిందట ఈ మహారాణి, తల్లి ఎటో పోయిందట. దీన్ని ఏప్రను జేబులో వేసుకుని ఇంటికి పట్టుకొచ్చింది. తను జ్వరమని ఆస్పత్రికెళ్ళింది, ఇక రాలేదు. పోయి పది రోజులు. ఆ రోజు నుంచీ పిల్లా, ఇదీ నా ఇంట్లో. గోరుచుట్టు మీద రోకటిపోటు."

"అయ్యో. పాపా, ఏం పేరు పెట్టావు దీనికి?"

"చెప్పదండి. పది రోజుల్నుంచీ మూగనోము పట్టింది. తినమంటే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. నోట్లో ముత్యాలున్నట్టు పెదవి విప్పదు. వచ్చిన రోజు తలనిండా పేలు. రెండు పూటలా వేడినీళ్ళతో రుద్ది రుద్ది స్నానం చేయించాను. కిక్కురుమనలేదు. ఏడ్చినా బాగుండేది."

"హ్మ్. ఈ చొంగ ఎప్పట్నుంచి కారుతోంది?"

"మొన్నట్నుంచి. జిగటగా, గడ్డం కింద కట్టి... ఛీ, ఛీ. తినడం కూడా మొన్ననే మానేసింది. చేప పెట్టినా చూడదు."

"దీని నాలుక చూడండి."

"నేను చూడనన్నానా?"

"ఇది చూడాలి. చూడండమ్మా. పుండ్లు. ఇప్పుడు దీని పాదం వాసన చూడండి."

"మీకేమైనా పిచ్చా?"

"నేను చూశాను. ఫినాయిలు."

"ఉండదా మరి! రోజుకి మూడుసార్లు తుడుస్తున్నాను. మామూలుగా అయితే మూతెడు పోస్తాను, ఇదొచ్చాక గ్లాసుడు. నాకు చెప్పకండి శుభ్రం గురించి. పెద్దాసుపత్రిలో ఇరవైరెండేళ్ళుగా గుడ్డలు ఉతికించే పని నాది. చీము, నెత్తురు, ఇంకా మీకు చెప్పకూడనివన్నీ నా చేతి మీదుగా పోతాయి. మూట విప్పకుండానే ముక్కుతో చెప్తాను ఏ వార్డుదో. అక్కడ ఎనిమిది గంటలు ఆ కంపు. ఇంటికొస్తే ఇంట్లోనూ అదే కంపా? నేను ఒప్పుకోను."

"పిల్లులకి ఫినాయిలు విషమమ్మా."

"...ఏంటి?"

"మీరు తుడిచారు, అది తడినేల మీద నడిచింది, పాదాలు నాక్కుంది. నోరంతా కాలింది. అందుకే తినట్లేదు."

"నాకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పరు. ఇలా వచ్చాకే తెలుస్తుంది."

"అంటే నేనే... నేను మురికి వదిలిస్తున్నాననుకున్నాను. వదిలిస్తున్నది దీని ప్రాణాన్నా?"

"తెలియక చేశారు. ముందు పాదాలు మంచినీళ్ళతో కడుగుతాను. చర్మం కింద కాస్త సెలైను ఎక్కిస్తాను. కొంచెం పట్టుకోండి."

"పట్టుకోవాలా? ...ఎక్కడ పట్టుకోను? ఇదేంటి, ఏమీ లేదు ఇందులో! తడి గుడ్డ బరువు కూడా లేదు."

"మెడ దగ్గర. అలా. సంచీ కింద పెట్టండి, రెండు చేతులూ కావాలి."

"నేల మీదా? వద్దు. ఉండనివ్వండి, ఒళ్ళోనే ఉంటుంది."

"మీ ఇష్టం. ఇదిగో, అయిపోయింది. ఇప్పుడు వినండి. ఇల్లంతా తిరగనివ్వకండి. ఒక్క చిన్న గది. అందులో దూరి దాక్కోవడానికి ఒక పెట్టె. ఇసక తట్ట ఒక మూల, తిండి ఇంకో మూల. ఎవరైనా కక్కసు పక్కన కూర్చుని తింటారా?"

"ఈ మాత్రం సిగ్గు దీనికుందా?"

"మనకంటే ఎక్కువే ఉంది. నేల ఉత్త నీళ్ళతో తుడవండి. మెత్తటి తిండి గోరువెచ్చగా చేసి రోజుకి నాలుగైదుసార్లు, చెంచాడు చెంచాడు. టీకా తర్వాత. ముందు ఇది తిండి ముట్టాలి. ఇంత కూన ఈ పూట కూడా ముట్టకపోతే రేపు నేను చేసేదేమీ ఉండదు."

"అయితే మీ దగ్గరే ఉంచేసుకోండి. మీకు తెలుసు కదా ఇవన్నీ."

"ఉంచుకుంటాను, కాగితం ఇదిగో. కానీ ఇక్కడంతా కుక్కల వాసన, మందుల వాసన. పిల్లి ముక్కుతో తింటుందమ్మా. వాసన తెలియని చోట తిండి ముట్టదు. మీ ఇంట్లో దీనికి తెలిసిన వాసన ఏదైనా ఉందా? పాత పక్కగుడ్డ లాంటిది?"

"ఆ ఏప్రనులోనే పడుకునేది. చెల్లెలి ఏప్రను. పుల్లటి కంపు, ఈస్టూ, వెన్నా, చెమటా. వచ్చిన మూడో రోజు ఫినాయిలు నీళ్ళలో ఉడకబెట్టాను. ఇదిగో, ఈ పిల్ల తలుపు దగ్గర నిలబడి చూస్తూనే ఉంది... ఏయ్, ఏయ్! ఏంటిది? లేచింది! నా మీదికొస్తోంది! తీయండి, ఛీ, సంచీలోకి తల దూరుస్తోంది, తీయండీ!"

"ఉండండి, కదలకండి. ఇందాక నిలబడలేకపోయింది. ఏముందమ్మా సంచీలో? తినేదేమైనా?"

"ఏముంటుంది! తాళాలు, కళ్ళజోడు. ఛీ, ఫో. ఎలా పీకుతోందో చూడండి, గోళ్ళతో... ఫోవే!"

"సరే, నేను పట్టుకుంటాలే. చెల్లెలి బట్ట వేరే ఏదైనా ఉందా? ఉతకనిది?"

"లేదు."

"ఒక్కటైనా? తువ్వాలు, చేతిరుమాలు..."

"లేదన్నానా! అన్నీ ఒక్కరోజే ఉడికించేశాను. నా ఇంట్లో ఉతకని గుడ్డ ఉండదు. ఒక్క ఉడుకు చాలు, ఎంతటి వాసనైనా పోతుంది. పోయింది మళ్ళీ రాదు. ఆ సంగతి నాకు తెలియదా? నాకు కాక ఎవరికి తెలుస్తుంది? ఇలా ఇవ్వండి ఆ కాగితం. ఎక్కడ సంతకం?"

"ఉంది."

"ఎవరూ... పాపా, నువ్వేనా?"

"నువ్వూరుకో! నీకేం తెలుసు..."

"మాట్లాడనివ్వండమ్మా. పది రోజుల తర్వాత నోరు విప్పింది. ఏముంది నాన్నా?"

"అమ్మది రెండో ఏప్రను. కవర్లో పెట్టి రెండు ముళ్ళేసి, సంచీలో ఉంది. పెద్దమ్మ పడుకునేటప్పుడు తలగడ మీద పెట్టుకుని వాసన చూస్తుంది. దాన్ని మాత్రం ఛీ అనదు."