బోరు మీద మోపిన జబ్బు

హలో… ఆ, నేనే. మీ అన్ననే.

…ఉండు, ముందు నా మాట విను. ఈ పొద్దు రెండువేల మూడు, జూలై పన్నెండు. ఈడ నేనుండా, కుళ్లాయప్ప ఉండాడు, సాక్షిగా పక్కింటి అంజనమ్మ ఉండాది.

…ఎందుకేంది? ఆయప్ప బోరు మూయించింది మనమే కదప్పా.

…కాళ్లా? కట్టెలే. నిన్న బాడుగ కారు మాట్లాడుకొని బెంగుళూరు ఆసుపత్రికి పోయొచ్చినా… ఒగడినే. నువ్వు వెంట లేకుండా ఇదే మొదలు.

నా కాళ్లు పడిపోయింది బోరు నీళ్లలోని ఫ్లోరైడుతో కాదంట, శ్రీకాంతూ. వైరసంట. రక్తంలో ఉండాది, వెన్నులోంచి తీసిన నీళ్లలోనూ ఉండాది.

…కొత్తగా వింటాండావా? పోయిన ఎలక్షన్ల ముందరే నీకు చెప్పినానన్నాడు డాక్టరు. "మా అన్న తట్టుకోలేడు, నేనే మెల్లగా చెప్తా" అన్నావంట.

అదెట్ల పని చేస్తాదో అడిగి తెలుసుకున్నా. వైరస్ తానుగా నరాలను కొరకదంట. అది దూరిన కణాలను చంపాలని మన ఒంటి కాపలా కణాలే వెన్నుపాములోకి ఎగబడతాయంట. ఆ కొట్లాటలో ఏ పాపమూ ఎరగని నరాలు దెబ్బతింటాయంట. మొదట్లోనే ఆ మంట తగ్గించే మందు పెట్టింటే, ఇంకొన్నాళ్లు నడిచేటోనివేమో అన్నాడు.

…భయపడతానా? ఇంటినిండా పుస్తకాలు పెట్టుకొని బతికేటోన్ని, ఈ ఒక్క మాట మోయలేనా?

…అబద్ధం! జీపులో ఎక్కించుకొని వీధి వీధి తిప్పినావు. అరుగుల మీద కూర్చోబెట్టి, పంచె మోకాళ్ల పైకెత్తి, "కుళ్లాయప్ప బోరు నీళ్లు తాగి మా అన్న ఎట్లయినాడో చూడండి" అన్నావు. జనం ఏడ్చినారు. నేనూ ఏడ్చినా… తమ్మునికి ఎంత ప్రేమో అని.

సర్పంచివైనావు. బోరులో రాళ్లు పోయించినావు. నీళ్లు లేక ఆయప్ప చీనీకాయల చెట్లు నిలువునా ఎండిపాయ.

…నీకు పోటీగా నిలబడినాడు, అంతేగా ఆయప్ప చేసిన తప్పు?

…కాగితం రాసినా. నా జబ్బుకూ ఆ బోరుకూ సంబంధం లేదని, డాక్టరు రిపోర్టు జతచేసి. సోమవారం కుళ్లాయప్ప కలెక్టరాఫీసులో ఇస్తాడు.

…పదవి పోతే పోనీ.

…నా పరువా? దాన్ని నువ్వు పంచెతో పాటే ఎత్తేసినావు కదప్పా.

…అన్నా అని పిలవద్దు. ఇప్పుడు పిలవద్దు.

అంజనమ్మా, ఆ పెన్ను ఇట్లియ్యి… ఆ. సంతకం చేసినా, వింటాండావా? మడిచినా. కుళ్లాయప్పా, ఇదో… జోబులో పెట్టుకో. గుండీ వేసుకో.

అంజనమ్మా, ఈ ఫోను తీసుకో… ఇంకా మాట్లాడతానే ఉండాడా?

మాట్లాడనీలే. పెట్టెయ్.