చూరులోని గ్లాసు

టీ తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి, రాజుగారు ఆ టీకొట్టు నడిపే బేబిని పిలిచారు.

“ఆ డాక్టరుగారి అమ్మాయికి పుట్టకముందే జీన్లు మార్చేశారంట. వంతెన మీద నుంచునే గోదావరి అడుగున పులసల్ని లెక్కపెట్టేస్తదంట! మన మనిషి కాదే. ఇక్కడికి టీకొస్తే దానికి వేరే గ్లాసు పెట్టు.”

“ఉందండి. మీ పాత ఇల్లు పడగొట్టినప్పుడు చూరులోంచి మా నాన్న తెచ్చుకున్నాడు.”

“మా చూరులో గ్లాసేంటే?”

“మీ ఇంట్లో పనిచేసినన్నాళ్ళూ ఆయనకి అందులోనే టీ పోసేవారండి. తాగి, తనే కడిగి, మళ్ళీ చూరులో దోపాలి. అదే ఇమ్మంటారా ఆ పిల్లకి?”

రాజుగారు తన గ్లాసు పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి కడిగారు.

“ఇదెక్కడ పెట్టమంటావమ్మా?”

“అన్నిటితోపాటే పెట్టండి.”