వచ్చినవాళ్ల కోసం వేడి

స్కాట్లాండులో ఆ జనవరి మధ్యాహ్నం, చలికి ఇబ్బంది పడుతున్న ఇళ్ల గురించి సభలో అడగాల్సిన ప్రశ్నల కోసం శాసనసభ్యుడు ఒక ముసలావిడ ఇంటికి వచ్చాడు. గది వెచ్చగా ఉండేసరికి అతని మనసు కుదుటపడింది.

"ఇల్లు వెచ్చగానే ఉందే అమ్మా! అలాగే రాసుకోనా?"

"ఇంటికొచ్చిన మనిషిని చలిలో కూర్చోబెడతామా నాయనా? మీరొస్తున్నారనే హీటరు వేశాను."

"మరి రోజూ?"

"బిల్లు కట్టలేక, వెచ్చగా ఉంటుందని లైబ్రరీకి పోయి పొద్దంతా కూర్చునేదాన్ని. మొన్న దాన్ని మూసేశారుగా."

"అయ్యో, ఎవరు?"

"లైబ్రరీలకి డబ్బు ఆపమని ఓటేసినవాళ్ల పేర్లు పేపర్లో వేశారు. మీదీ చూశాను."

అతని పెన్ను ఆగిపోయింది.

"అయినా నన్ను లోపలికి రానిచ్చారా?"

"బయట మంచు పడుతోందిగా. ఇదిగో టీ. నిదానంగా తాగండి, మీరున్నంతసేపూ నాకూ వెచ్చగా ఉంటుంది."