ప్రెసిడెంటమ్మ పొయ్యి

“ఫిబ్రవరి తొమ్మిదో తారీకు మాస్టారూ. ఆ రోజు నేను తిన్నాది మీ ఆవిడ ప్రెసిడెంటమ్మ కేన్‌లో అట్టుకొచ్చిన సోడిపిండి అంబలే. పోయిన మాయన్ని అరుగు మీద పడుకోబెట్టేరు. ఇంట్లో పొయ్యి ఎలిగించకూడదు కదా. ప్రెసిడెంటమ్మ నా పక్కన కూకుని, ‘తాగే తాయారూ, ఏడవడానికైనా సత్తువుండాల’ అన్నాది.”

“గుర్తుందమ్మా. నంజుకోడానికి ఉల్లిపాయ కూడా పట్టుకెళ్లింది.”

“ఆ అంబలి తాగించేకే నన్నడిగింది.”

“ఇప్పుడవన్నీ ఎందుకు తాయారమ్మా? లోపల ఆవిడకి స్నానం చేయిస్తున్నారు. నువ్వూ వెళ్లు. నిన్న ఈ వేళకి ఇక్కడే కూర్చుని పంచాయితీ కాగితాలు చూసుకుంది. రాత్రి గుండెల్లో నొప్పంది. అనకాపల్లి ఆసుపత్రికి చేరలేదు.”

“ఎల్తాను. ముందు ఆ రంపం మిసను ఎందుకొచ్చిందో సెప్పండి.”

“సత్తిబాబు తెప్పించేడు.”

“మీ బావమరిది తెప్పించేడు, సరే. మీరేటన్నారు?”

“నేనేమీ అనలేదు.”

“వద్దనలేదా?”

“అనలేదమ్మా.”

“బావా, కూలోళ్లు అడుగుతన్నారు. గట్టు మీద రెండు మామిళ్లున్నాయి కదా, ఏది కొట్టమంటావు?”

“నీ ఇష్టం సత్తీ.”

“ఏదీ కొట్టొద్దు సత్తిబాబు గారూ.”

“నీకేటే తాయారూ మధ్యలో? మాది వడ్డాది. మా ఇంట్లో ఎవరు పోయినా మామిడి చెట్టు కొట్టేరు. మా తాతకి కొట్టేరు, మా నాన్నకి కొట్టేరు. ఊరికి ప్రెసిడెంటు చేసిన మా అక్కని చెరుకాకు దిమ్మలెట్టి కాల్చమంటావా?”

“నేనన్లేదు బాబూ. మీ అక్కే అన్నాది, గ్రామసభలో. ‘పోయిన మనిసికల్లా ఒక సెట్టెందుకు? పొలాల్లో తగలెట్టే సెరుకాకు పంచాయితీ కొంటాది, దిమ్మలు సేయిస్తాది. ఆ దిమ్మల్తో నడిసే పొయ్యి శ్మశానంలో కట్టిస్తాను. పొలాల్లో పొగ పోతాది, సెట్లు నిలబడతాయి’ అన్నాది. నేనే లేచి తిట్టేను. ‘ముందు నీ మొగుణ్ని ఎట్టుకో అందులో’ అన్నాను. మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు.”

“నవ్వేను కూడా.”

“నవ్వేరు. ఆవిడా నవ్వింది. పొయ్యి కట్టేక ఒక్కరంటే ఒక్కరు దాని దగ్గరకి ఎల్లలేదు. అన్నం తినకపోతే ప్రెసిడెంటమ్మ పొయ్యిలో ఎట్టేస్తానని పిల్లల్ని బెదిరించేవోళ్లం. అలాటిదాన్లోకి ఎవరెల్లేరు ముందు? మాయన.”

“కట్టెలు కొనలేక ఎల్లేడు. దానికీ దీనికీ—”

“కొనలేక కాదు! రోలుగుంట నుంచి మా అన్న ట్రాక్టరేసుకుని బయల్దేరీసేడు కట్టెల్తో. నేనే ఫోన్ సేసి ఆపించేను. ఎందుకాపేను? మీ అక్క నా సెయ్యి అట్టుకుంది. ‘ఒక్కరు ముందెల్తే ఊరు ఎనకాల వస్తాది తాయారూ. రేపు నన్నూ అందులోకే పంపిస్తారు, మాటిస్తన్నాను’ అన్నాది. ఆ మాట మీద ఒప్పుకున్నాను. మా అత్తోరు ఇప్పటికీ దెప్పుతన్నారు, మొగుడికి మామిడి పుల్లైనా ఎయ్యించలేదని.”

“తెలుసమ్మా. ఆవిడ చెప్పి బాధపడేది.”

“ఇవాళ మీరు సెట్టు కొడితే నేనేటైపోతాను మాస్టారూ? ఊళ్లో ఎవరికీ పనికిరాని దాన్లో నా మొగుణ్నొక్కడినే ఎట్టినదాన్నైపోనా?”

“బావా, చీడికాడ చుట్టాలు కూడా వచ్చేసేరు. ఏదో ఒకటి చెప్పు.”

“వాళ్లకి టీ ఇప్పించు సత్తీ. కాసేపు ఆగమను.”

“పొద్దు పోతోంది బావా!”

“కాసేపే నాయనా.”

“…సరే.”

“కోపంగా ఎల్లేరు.”

“అక్క కదమ్మా. వాణ్ని చంకనేసుకుని పెంచింది.”

“మాస్టారూ, మీరు కాలేజీలో పాఠాలు సెప్పినోరు. సెట్ల లెక్కా, పొగ లెక్కా ఆవిడకి మీరే రాసిచ్చేరంటారు. మీక్కూడా సెట్టే కావాలా?”

“చెట్టు అక్కర్లేదు.”

“మరేటి?”

“ఏం లేదులే.”

“ఏం లేకపోతే ఆ రంపం ఎందుకు?”

“ఆ పొయ్యికి ఇనప తలుపుంది తాయారమ్మా.”

“ఉంటాది. ఉంటే?”

“కట్టెల మీదైతే నిప్పు పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేస్తాం. ఇందులో మనిషిని లోపలికి తోసి తలుపు వెయ్యాలి. మండలం మీటింగులని ఆవిడ ఎంత పొద్దుపోయి వచ్చినా, నేనెప్పుడూ గడియ పెట్టలేదమ్మా. ఓరగా వేసి పడుకునేవాణ్ని. ఇవాళ ఆవిడ మొహం మీద తలుపు ఎలా వేస్తాను?”

“…మా గుంటడూ అంతే. కొడుకు కదా, ఆడికి సెయ్యి రాలేదు.”

“మరి మీ ఆయన తవిటయ్యకి ఎవరేసేరు?”

“ఆవిడ మీకు సెప్పలేదా?”

“ఆడవాళ్లం కదా, గేటు దగ్గరే ఆగిపోయేం అంది.”

“గేటు దగ్గర ఆగిపోయింది నేను. ఆవిడ సెప్పులిప్పేసి లోపలికెల్లింది. మా గుంటణ్ని పక్కకి తప్పించి తనే ఏసింది. పసిబిడ్డ పడుకున్న గదికేసినట్టు ఏసిందంట.”

“ఇంటికొచ్చి రెండుసార్లు తలమీంచి పోసుకుంది. ఏమిటే అంటే, దుమ్ము అంది.”

“ఏడవకండి మాస్టారూ. మీకంత కష్టమైతే సెట్టే కొట్టించండి.”

“అదేమిటమ్మా? ఇప్పటిదాకా—”

“ఇప్పటిదాకా మీ బాధ ఈ తలుపని నాకు తెల్దు కదా. మా అత్తోరి మాటలంటారా, పడతాను. అలవాటైపోయింది.”

“లేదు. ఆవిడ నీకిచ్చిన మాట. కాదనడానికి నేనెవర్ని? కానీ ఆ తలుపు… నా వల్ల కాదు.”

“మీరెయ్యక్కర్లేదు. నేనొస్తాను.”

“ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదని ఊరు—”

“ఆవిడ రాలేదా?”

“బావా, కూలోళ్లు ఎల్లిపోతామంటన్నారు. రంపం స్టార్ట్ చెయ్యమనా?”

“వద్దు సత్తీ. కూలిచ్చి పంపించెయ్. మీ అక్కని పొయ్యి దగ్గరికే తీసుకెళ్దాం.”

“ఊరు నవ్వుతాది బావా!”

“ఇన్నాళ్లూ తాయారొక్కర్తినే చూసి నవ్వింది. ఇవాళ్టి నుంచి నన్ను కూడా చూసి నవ్వనీ.”

శ్మశానంలో, దీపాలు పెట్టే వేళ.

“కర్పూరం పెట్టేరా మాస్టారూ?”

“పెట్టేను.”

“అయితే మీరిటు వచ్చీసి, సెరుకు తోటలకేసి తిరిగి నిలబడండి.”

“ఆవిడ కొంగు నలిగింది. సర్దమ్మా. నలిగిన చీరతో గుమ్మం దాటేది కాదు.”

“సర్దేను.”

“తాయారూ, తలుపు నేను కూడా పట్టుకోనా?”

“అట్టుకో సత్తిబాబూ. గట్టిగా తొయ్యకు.”

“మా అక్క… మా అక్కకి చీకటంటే…”

“తెలుసు బాబూ. లోపల ఎలుగే ఉంటాది. మెల్లగా… మెల్లగా…”

“…ఇంకా వెయ్యలేదా తాయారమ్మా?”

“ఏసేసేం మాస్టారూ. ఇందాకే ఏసేసేం.”