నడిమి ఫ్రేము

అచ్చంపేట బస్టాండు ఎదుట, చంద్రకళ చాయ్ హోటల్లో శ్రీశైలం కూర్చున్నాడంటే పొయ్యి మీది పాలకన్నా ముందు అతనే పొంగుతాడు. ఆ పొద్దు అతనికి ఎస్తేరు దొరికింది.

మరునాడు ఆమె ఇంటికి పెంచడానికి తొలిసారి తేనెటీగలు వస్తున్నాయి. పెట్టె సిద్ధంగా ఉంది. అందులో వేలాడదీసే కొయ్య ఫ్రేములు ఎనిమిది కావాలి. తొందరలో తెచ్చిన వాటిలో మూడు ఇంకో రకం పెట్టెవి, కొసలు అంచుకు అందవు. మార్చుకోవాలంటే నాగర్‌కర్నూల్ బస్సెక్కాలి.

"మూడు కట్టెముక్కల కోసం గంత దూరమా చెల్లె?" అన్నాడు శ్రీశైలం. "ఐదు చాలు, జర ఎడం ఎడం పెట్టు. నా తొలి పెట్టెల నేను ఐదే పెట్టిన, నడుమ నాలుగు వేళ్ల సందు ఇడిచిన. ఈగలు ఇరుకు లేకుండ తిరిగి, నెలకే బిందెడు తేనె!"

"బిందెడా!" చంద్రకళ చాయ్ వడపోస్తూనే అంది.

"బిందె ఏంది, ఇనుండ్రి. రెండో నెల తుట్టె పెరిగి పెరిగి మూత లేసింది. మూత మీద బండ పెట్టిన, బండ లేసింది. బండ మీద నేనే కూసున్న. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? నేనూ లేసిన! ఉమామహేశ్వరం గుట్ట దాంక పోయినం. కింద జనం దేవుడొచ్చిండని కొబ్బరికాయలు కొట్టిన్రు!"

"మరి దిగినవెట్ల?" అడిగింది చంద్రకళ.

"రాణీగకు చెప్పిన, దించింది. అది నా మాట దాటదు. రోజూ పొద్దుగాల గా నడిమి ఫ్రేము రెండు వేళ్లతో పట్టి లేపేటోన్ని. రాణీగ నా చెవిల వాన కబురు చెప్పేది. నేను సరే అన్నంకనే ఊరంత విత్తనం పెట్టేది!"

హోటలంతా నవ్వింది. ఎస్తేరు నవ్వలేదు. అబద్ధం గాలిలో ఎగిరినంతసేపు ఎవరికీ నష్టం లేదు; కిందికి దిగి సలహాగా కూర్చుంటేనే కొంప మునుగుతుంది. ఐదు చాలన్న మాట ఆమె మనసులో అప్పటికే సగం కూర్చుంది. ఇంటిపని వదిలి బస్సెక్కడం ఎవరికి ఇష్టం?

సంచిలోంచి రెండు ఫ్రేములు తీసి, బల్ల మీద పక్కపక్కన నిలబెట్టింది.

"అన్నా, రెండు ఈగలు ఈపుకు ఈపు ఆనిచ్చి తిరిగేంత సందే ఉండాలన్నరు శిక్షణల. నాలుగు వేళ్లు ఇడిస్తే అవి ఊకుంటయా? సందంత తుట్టె అల్లి, ఐదింటిని ఒక్క ముద్ద చేస్తయ్. మరి నడిమిది రెండు వేళ్లతో ఎట్ల లేపినవ్?"

శ్రీశైలం గ్లాసు దించాడు.

"లేపలే," అన్నాడు. "బలంగ గుంజిన. తుట్టె తెగి కింద పడ్డది. తేనె, పిల్లపురుగులు, అంత మట్టిల. మూడో నాటికి పెట్టెల ఒక్క ఈగ లేదు."

ఎవరూ నవ్వలేదు. ఎదుట నాగర్‌కర్నూల్ బస్సు హారన్ కొట్టింది. ఎస్తేరు సంచి భుజాన వేసుకుని లేచింది.

"చెల్లె!" వెనక నుంచి పిలిచాడు. "సరైన ఫ్రేమొకటి చేతిల పట్టుకపో. దానికి ఆనిచ్చి చూసినంకనే కొత్తయి తీస్కో."

ఆమె హోటల్ మెట్టు మీద ఆగింది.

"గీ మాట ముందుగాల్నే చెప్తే, గుట్ట దాంక ఎగిరే పనే లేకుండె గదన్నా!"