ఒళ్లు దులిపితేనే

అరబ్బు దేశంలో, బర్కాలోని ఖర్జూర తోటలో మిట్టమధ్యాహ్నం. సొంతూళ్లో జాతరలకు యాటలు కోసే మామ, గొడ్డలి పట్టిన అల్లుడు, క్రేను గొలుసులతో కట్టేసిన డ్రాగన్ మెడ పక్కన నిలబడ్డారు. మత్తు మందుకు అది గురక పెడుతోంది.

"ఇగ కొట్టనా మామా?"

"ఆగు, నీళ్లు పొయ్యలే. ఒళ్లు దులపకుంట మనం దేన్నీ కొయ్యం."

"ఇదేమన్న యాటనా? పొద్దుగాల మనతోని పనిజేసే అంజిని నడుముకాడ రెండు ముక్కలు చేసింది. వాణ్ని అడిగి చేసిందా?"

"దానికి తెల్వది, మనకు తెల్సు గదా. ఒళ్లు దులిపితేనే ఒప్పుకున్నట్టు. లేకుంటే దాని ఉసురు నీ పిల్లలకు తగుల్తది."

"మత్తు దిగకముందే మెడ నరకుమన్నడు మనకు జీతమిచ్చే అర్బాబ్."

"అర్బాబ్‌కు యాట సంగతి ఏమెరుక? నీళ్లు పొయ్యి."

"పోసిన. కదుల్తలేదు."

"సల్లటి నీళ్లు పొయ్యిరా. ఐస్ డబ్బాలయి తే."

"మామా, కన్ను తెరిచింది!"

"తెరవనీ. అగో, మెడ వణికింది... తోకదాక దులిపింది! ఒప్పుకున్నది బిడ్డా, కొట్టు! ఏం జూస్తున్నవ్, కొట్టు!"

"దేంతోని కొట్టాలె మామా? గొలుసులు తెగినయి. గొడ్డలి, గొడ్డలి పట్టిన చెయ్యి, రెండూ దాని నోట్లున్నయి!"